పేపర్ బ్యాలెట్‌కు మళ్లీ వెళ్లాలా? విజయవాడ, గుంటూరు ఓటర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

2019లో ఈవీఎంల మీద అనుమానం చంద్రబాబుది. 2024లో పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్. ఓడిన పక్షం మారింది గానీ బెంజి సర్కిల్‌లోనూ గుంటూరు అరండల్‌పేటలోనూ జనం అడిగే సందేహాలు మారలేదు. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం: అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు యంత్రం ఉండొచ్చు. కానీ దాని పక్కన పడుతున్న కాగితం స్లిప్పుల్ని ఇప్పుడు లెక్కిస్తున్నంత తక్కువగా లెక్కిస్తే కుదరదు.

## అసలు వాదన

ఈవీఎంలు తీసేస్తున్నామని రాష్ట్ర ప్రభుత్వం ఒక జీవో ఇస్తే పోదా?

అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల విషయంలో రాష్ట్రానికి ఆ అధికారం లేదు. అది కేంద్ర ఎన్నికల సంఘం చేతిలో ఉంది. 1982లో కేరళలోని పరవూరులో 50 బూత్‌లలో తొలిసారి యంత్రాలు పెట్టారు. చట్టంలో యంత్రం అనే మాటే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ను తప్పుపట్టింది. 1988లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 61ఏ సెక్షన్ చేర్చారు. దాన్ని జాగ్రత్తగా చదివితే, సంఘం నిర్ణయించిన నియోజకవర్గాల్లో యంత్రాలు వాడవచ్చు అనే ఉంటుంది, వాడి తీరాలని ఉండదు. అంటే పేపర్‌కు మళ్లడానికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు, సంఘం తలచుకుంటే చాలు.

పంచాయతీలు, మున్సిపాలిటీల సంగతి వేరు. అవి రాష్ట్ర ఎన్నికల సంఘం చూసుకునేవి. స్థానిక ఎన్నికలు బ్యాలెట్ పేపర్‌తో జరపాలని కర్ణాటక మంత్రివర్గం 2025 సెప్టెంబరులో సిఫారసు చేసింది ఈ దారిలోనే.

సుప్రీంకోర్టు ఏం తేల్చింది?

2024 ఏప్రిల్ 26న పేపర్ బ్యాలెట్ కోరికనూ, స్లిప్పులన్నీ లెక్కించాలన్న కోరికనూ తోసిపుచ్చింది. కొత్తగా రెండు ఆదేశాలిచ్చింది. వీవీప్యాట్‌లోకి (ఓటు ఎవరికి పడిందో కాగితం స్లిప్పు మీద ముద్రించి చూపే యంత్రం) గుర్తులు ఎక్కించే యూనిట్లను ఫలితాల తర్వాత 45 రోజులు సీలు వేసి ఉంచాలి. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు అడిగితే నియోజకవర్గానికి 5 శాతం యంత్రాల చిప్‌లను తనిఖీ చేయాలి. స్లిప్పు మీద బార్‌కోడ్ వేసి యంత్రంతో లెక్కించే వీలుందేమో పరిశీలించమని సంఘానికి సూచించింది కూడా. అదే ఏడాది నవంబరు 26న కేఏ పాల్ వేసిన పిటిషన్ కొట్టేస్తూ, ఓడినప్పుడే యంత్రాల మీద అనుమానం వస్తుందా అని ధర్మాసనం అడిగింది.

జర్మనీ వాళ్లే మానేశారట, మనకెందుకు?

నిజమే, 2009 మార్చి 3న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ యంత్రాల వాడకం రాజ్యాంగ విరుద్ధమంది. ప్రత్యేక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా లెక్కను సరిచూసుకోగలగాలి అన్నది దాని వాదన. ఆ యంత్రాల్లో ఓటరు కళ్లారా చూసే కాగితమే లేదు. మన దగ్గర ఆ కాగితం ఉంది, పెట్టెలో పడుతోంది. చిక్కల్లా దాన్ని లెక్కించడం దగ్గరే. ఇటు బ్రెజిల్ 1996 నుంచి కాగితం లేని యంత్రాలతోనే నడుస్తోంది. కాబట్టి దేశాల జాబితా చూపించి ఏ వాదనైనా నెగ్గించొచ్చు. మేమైతే జర్మనీ తీర్పులోని కారణాన్ని తీసుకుంటాం, జర్మనీ పేరును కాదు.

హ్యాక్ చేయొచ్చని హైదరాబాద్ ఇంజినీరు 2010లోనే చూపించాడు కదా?

చూపించారు. హరిప్రసాద్, అలెక్స్ హాల్డర్‌మన్, రాప్ గోన్‌గ్రైప్ కలిసి ఒక పాత యంత్రం మీద రెండు దాడులు చేసి చూపారు. ఒకదాంట్లో డిస్‌ప్లే బోర్డు మార్చి తప్పు అంకెలు చూపించారు. రెండోదాంట్లో మెమరీ చిప్‌కు చిన్న పరికరం తగిలించి ఓట్లు తారుమారు చేశారు. రెంటికీ యంత్రం మూత తీసి చేయి పెట్టాలి. వైఫై, బ్లూటూత్‌తో దూరాన కూర్చుని చేసింది కాదు. మన యంత్రాల్లో అవి లేవు. అంటే కాపలా కాయాల్సింది గాల్లో వచ్చే సిగ్నల్‌ను కాదు, స్ట్రాంగ్ రూమ్ తాళాన్నీ సీళ్లనూ. అప్పట్లో వీవీప్యాట్ లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. అది మొదట 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో వచ్చింది.

పేపర్ అయితే మోసమే ఉండదుగా?

2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో పడ్డవి మొత్తం 36 ఓట్లు. ప్రిసైడింగ్ అధికారి 8 బ్యాలెట్ల మీద తనే గీతలు గీసి చెల్లవన్నారు, దాంతో ఓడాల్సినవారు గెలిచారు. కెమెరా ఉండబట్టి బయటపడింది, సుప్రీంకోర్టు ఆ ఫలితాన్ని తిరగరాసింది. పేపర్‌లో మోసం చేయడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు, ఒక పెన్ను చాలు. పట్టుకోవడానికీ ఇంజినీరు అక్కర్లేదు. పేపర్‌కున్న లోపమూ బలమూ ఇదే.

2021లో విజయవాడ, గుంటూరు కార్పొరేషన్ ఎన్నికలు పేపర్‌తోనే జరిగాయి. ఏమైనా కొంపలు మునిగాయా?

లేదు. 2021 మార్చి 10న విజయవాడలో 64 డివిజన్లకు, గుంటూరులో 57కు బ్యాలెట్ పేపర్‌తోనే ఓటేశారు. డివిజన్ అంటే కొన్ని వేల ఓట్లు, ఒక్కటే పేపర్, పోటీలో కొద్దిమందే. ఆ స్థాయిలో, ముఖ్యంగా వందల ఓట్ల పంచాయతీ వార్డుల్లో, పేపరే మేలు. అభ్యర్థి తరఫు ఏజెంట్ తన కళ్లతో చూసి లేచి వెళ్తాడు. రెండున్నర లక్షల ఓటర్లున్న అసెంబ్లీ స్థానానికి అదే పద్ధతి అంత సాఫీగా సాగదు.

## పోలింగ్‌కు ముందు

మా బూత్‌కు ఏ యంత్రం వస్తుందో ముందే ఎవరికైనా తెలుస్తుందా?

రెండు విడతల్లో కంప్యూటర్‌తో కలుపుతారు. మొదటి విడతలో ఏ యంత్రం ఏ నియోజకవర్గానికో, రెండో విడతలో ఏ బూత్‌కో తేలుతుంది. రెండో విడత అభ్యర్థులు ఖరారయ్యాక జరుగుతుంది. రెండు జాబితాలూ పార్టీలకు ఇస్తారు. పోలింగ్ రోజు ఏజెంట్ చేయాల్సిన మొదటి పని, బల్ల మీద ఉన్న యంత్రాల నంబర్లు ఆ జాబితాతో కలుస్తున్నాయా అని చూడటం.

గుర్తులు ఎక్కించేటప్పుడు ల్యాప్‌టాప్ తగిలిస్తారట. మరి సాఫ్ట్‌వేర్ మార్చలేమన్న మాట ఎలా నమ్మాలి?

మంచి ప్రశ్న, దీనికి తరచూ సగం జవాబే వస్తుంటుంది. ఓట్లు దాచే కంట్రోల్ యూనిట్‌కు ఎవరు ఏ పార్టీయో తెలియదు. ఒకటో బటన్‌కు ఇన్ని, రెండో బటన్‌కు ఇన్ని అని మాత్రమే రాసుకుంటుంది. పేరూ గుర్తూ ముద్రించాల్సింది వీవీప్యాట్. అందుకే ఆ ఫైలును ల్యాప్‌టాప్ నుంచి సింబల్ లోడింగ్ యూనిట్‌కూ, అక్కడి నుంచి వీవీప్యాట్‌కూ ఎక్కిస్తారు. అంటే అభ్యర్థులు ఖరారయ్యాక బయటి నుంచి సమాచారం లోపలికి వెళ్లే చోటు ఒకటి ఉంది. అది జరిగేటప్పుడు అభ్యర్థి తరఫు మనిషి హాల్లో ఉండి తీరాలి. యంత్రాలు సిద్ధం చేశాక 5 శాతం వాటి మీద వెయ్యేసి ఓట్లతో మాక్ పోల్ (నమూనా ఓటింగ్) చేస్తారు. ఏ యంత్రాల మీద చేయాలో మీ ప్రతినిధి ఎంచుకోవచ్చు. చాలా పార్టీలు ఆ రోజు ఎవరో కుర్రాణ్ని పంపి ఊరుకుంటాయి.

పేపర్‌కు మారితే ఒక నియోజకవర్గానికి ఎన్ని కాగితాలు లెక్కపెట్టాలి?

2.5 లక్షల ఓటర్లు, 80 శాతం పోలింగ్ అనుకోండి: 2 లక్షల మంది. మన దగ్గర అసెంబ్లీ, లోక్‌సభ కలిసి వస్తాయి కాబట్టి 4 లక్షల కాగితాలు. ప్రతిదాన్నీ విప్పాలి, రెండు రకాలుగా వేరు చేయాలి, కట్టలు కట్టాలి, తర్వాత అభ్యర్థుల వారీగా పంచాలి, అనుమానం ఉన్నవి పక్కన పెట్టి ఆర్వో (రిటర్నింగ్ అధికారి) చేత తేల్పించాలి. చేయలేనిది కాదు, 1999 దాకా ఇక్కడ చేసిందే. కాకపోతే రెండు మూడు రోజులు నిద్రలేని సిబ్బంది చేతుల్లో అది నడుస్తుంది.

## పోలింగ్ రోజు

మాక్ పోల్‌లో ఏజెంట్ ఏం చూడాలి?

పోలింగ్‌కు 90 నిమిషాల ముందు మొదలవుతుంది. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి బటన్ నొక్కాలి. మీరు వేసినవి ఒక కాగితం మీద గీతలు గీసుకోండి. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు ఆ వరసలో నొక్కాలి. రిజల్ట్ అంకెలు, వీవీప్యాట్ స్లిప్పులు, మీ గీతలు మూడూ కలవాలి. క్లియర్ అయ్యాక టోటల్ నొక్కితే సున్నా రావాలి. వీవీప్యాట్ పెట్టె తెరిచి ఖాళీ అయిందని చూడండి; మాక్ పోల్ స్లిప్పుల వెనక ముద్ర వేసి నల్ల కవరులో పెడతారు.

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. తెల్లవారుజామున నిద్రమత్తులో ప్రిసైడింగ్ అధికారి క్లియర్ నొక్కడం మరిచిపోతే ఆ 50 ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. లెక్కింపు రోజు ఆ యంత్రాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. దాన్ని టీవీలో ట్యాంపరింగ్ అంటారు. చివరగా, పచ్చ పేపర్ సీలు నంబరు రాసుకుని దాని మీద సంతకం చేయండి.

నేనొకరికి నొక్కితే స్లిప్పు వేరేవాళ్లది వచ్చింది. ఏం చేయాలి?

స్లిప్పు అద్దం వెనక 7 సెకన్లు కనిపిస్తుంది. క్రమసంఖ్య, పేరు, గుర్తు చూడండి. తేడా ఉంటే బయటికి వెళ్లకముందే ప్రిసైడింగ్ అధికారికి చెప్పాలి. ఆయన మీ చేత 49ఎంఏ నిబంధన కింద రాతపూర్వక ప్రకటన తీసుకుని, ఏజెంట్ల ముందు టెస్ట్ ఓటు వేయిస్తారు. తప్పు రుజువైతే అక్కడ పోలింగ్ ఆపేస్తారు. యంత్రం సరిగా వస్తే మీ మీద తప్పుడు సమాచారం కేసు, ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా. ఈ బెదిరింపు నిబంధన మాకు నచ్చదు: వెయ్యి ఓట్లలో ఒక్కసారే తప్పు చేసే యంత్రమైతే టెస్ట్ ఓటులో దొరకదు, దొరికేది ఫిర్యాదు చేసినవాడే.

వీవీప్యాట్లే ఎందుకంత తరచుగా మొరాయిస్తాయి?

అది కాగితం చుట్టతో నడిచే ప్రింటర్, లోపల వెలుతురును పసిగట్టే సెన్సర్లుంటాయి. కిటికీ పక్కనో, బల్బు కిందో పెడితే అవి తికమకపడతాయి. వెనక ఉన్న నాబ్ అడ్డంగా ఉంటే రవాణా, నిలువుగా ఉంటే పని చేసే స్థితి. తిప్పడం మరిచిపోయి యంత్రం చెడిందనుకునేవాళ్లున్నారు. పోలింగ్ మధ్యలో వీవీప్యాట్ ఒక్కటే చెడితే దాన్నొక్కదాన్నే మారుస్తారు. కంట్రోల్ యూనిట్ గానీ, ఓటరు బటన్ నొక్కే బ్యాలెట్ యూనిట్ గానీ చెడితే మూడూ కలిపి మార్చాలి.

యంత్రాన్ని నేలకేసి కొడితే అప్పటిదాకా పడ్డ ఓట్లు పోయినట్టేనా?

సాధారణంగా పోవు. 2024 మే 13న పల్నాడు జిల్లా మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటు బూత్‌లో యంత్రం పగలగొట్టిన దృశ్యం వెబ్ కెమెరాలో రికార్డయి దేశమంతా చూసింది. అప్పటిదాకా పడ్డ ఓట్లు భద్రంగా ఉన్నాయని అధికారులు చెప్పారు. అదే బ్యాలెట్ పెట్టెలో సిరానో నీళ్లో పోస్తే రీపోలింగ్ తప్పదు. పెట్టె ఎత్తుకుపోవడం, కట్టలకు కట్టలు ముద్రలు గుద్ది కూరడం పేపర్ రోజుల్లో పల్లెలకు తెలిసిన విద్యలే. యంత్రంలో ప్రతి ఓటుకూ అధికారి బ్యాలెట్ బటన్ నొక్కాలి, నిమిషానికి నాలుగైదుకు మించి పడవు. గలాటా మొదలైతే అధికారి క్లోజ్ నొక్కేస్తే ఆ తర్వాత ఒక్క ఓటూ పడదు. పేపర్‌కు తిరిగి వెళ్లాలనేవారు ఈ ఒక్క విషయానికి మాకు జవాబు చెప్పాలి.

పేపర్ బ్యాలెట్ ఎలా మడవాలి? ఎప్పుడు చెల్లదు?

ముద్ర వేశాక ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడవాలి. అడ్డంగా ముందు మడిస్తే తడి సిరా కింది అభ్యర్థి గడిలో అచ్చు దిగుతుంది. ఇద్దరికి ముద్ర పడినా, ఎవరికీ పడకపోయినా, మీ పేరో సంతకమో రాసినా, ఇచ్చిన ముద్ర కాక వేరే గుర్తు పెట్టినా చెల్లదు. 2020లో హైదరాబాద్ కార్పొరేషన్ ఎన్నికలప్పుడు స్వస్తిక్ ముద్ర బదులు వేరే ముద్ర పడిన బ్యాలెట్ల విషయం హైకోర్టుదాకా వెళ్లి నేరేడ్‌మెట్ ఫలితం ఆగిపోయింది.

చదువు రానివాళ్లకే ఈ ఇబ్బంది అనుకోకండి. 2025 ఫిబ్రవరి 27న జరిగిన కృష్ణా–గుంటూరు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో ఓటేసినవాళ్లంతా డిగ్రీ ఉన్నవాళ్లే. చెల్లని ఓట్లు 26 వేలు దాటాయి, పదింట ఒకటి పైమాటే. ప్రాధాన్య అంకె వేయాల్సిన చోట టిక్కు పెట్టడం, ఊదా స్కెచ్ పెన్ను వదిలి సొంత పెన్ను తీయడం లాంటివి అలాంటి ఓటును చంపేస్తాయి. యంత్రంలో చెల్లని ఓటు అనేదే పుట్టదు.

సాయంత్రం చెప్పిన పోలింగ్ శాతం తెల్లారేసరికి ఎలా పెరిగింది?

సాయంత్రం చెప్పేది ఫోన్లలో, యాప్‌లో వచ్చిన అంచనా. 6 గంటలకు వరసలో ఉన్నవాళ్లకు చివరి మనిషి నుంచి మొదలుపెట్టి చీటీలిస్తారు, వాళ్లంతా ఓటేసేదాకా పోలింగ్ నడుస్తుంది. 2024లో మన రాష్ట్రంలో కొన్ని చోట్ల అర్ధరాత్రి దాటింది. పోస్టల్‌తో కలిపి చివరి లెక్క 81.86 శాతం. అనుమానం ఉంటే శాతాల మీద వాదించి లాభం లేదు, ఫారం 17సీ చూడాలి. పోలింగ్ ముగియగానే ఆ బూత్‌లో పడ్డ ఓట్లు, యంత్రం నంబర్లు, సీలు నంబర్లు రాసి ప్రిసైడింగ్ అధికారి ఏజెంట్‌కు ప్రతి ఇవ్వాలి. అన్ని బూత్‌ల 17సీలు చేతిలో ఉన్న పార్టీకి అర్ధరాత్రి ఓట్లు కలిపారో లేదో ఒక ఎక్సెల్ షీటు చెప్పేస్తుంది. భోజనానికి వెళ్లి తిరిగిరాని ఏజెంట్ దగ్గర 17సీ ఉండదు.

## లెక్కింపు రోజు

రోజంతా వాడిన యంత్రం బ్యాటరీ 99 శాతం ఎలా చూపిస్తుంది?

ఇది ఫోన్ బ్యాటరీ కాదు. కంట్రోల్ యూనిట్‌లో వేసేది ఆల్కలైన్ బ్యాటరీ. వోల్టేజీ 7.4 దాటి ఉన్నంతసేపూ 99 శాతమే చూపిస్తుందని, అంతకన్నా తగ్గాకే అంకె దిగుతుందని సంఘం వివరణ. తక్కువ ఓట్లు పడ్డ బూత్‌లో 99 ఉండటం వింత కాదు. అయినా తెర మీద వేసే అంకె ఇలాంటి అనుమానం పుట్టించేలా ఎందుకుండాలన్నది వేరే సంగతి.

అసెంబ్లీ స్థానానికి 5 బూత్‌ల స్లిప్పులే లెక్కిస్తారు. అవి సరిపోతాయా?

ముందు ఒకటే ఉండేది. చంద్రబాబుతో పాటు 20 మంది ప్రతిపక్ష నేతలు 50 శాతం లెక్కించాలని వేసిన కేసులో 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు 5 చేసింది. లాటరీలో తీస్తారు.

లెక్క వేసి చూడండి. 270 బూత్‌లలో 27 చోట్ల తేడా ఉందనుకుంటే, 5 బూత్‌లు తీస్తే అందులో ఒకటైనా దొరికే అవకాశం సుమారు 41 శాతం. 50 తీస్తే 99 శాతం దాటుతుంది. లోక్‌సభ స్థానానికి ఏడు సెగ్మెంట్లు కలిపి 35 బూత్‌లు వస్తాయి కాబట్టి అక్కడ పట్టు బాగానే ఉంటుంది. బలహీనం అసెంబ్లీ దగ్గరే. తేడా మూడే బూత్‌లలో ఉంటే దొరికే అవకాశం 5, 6 శాతం మాత్రమే. 2019లో విజయవాడ సెంట్రల్‌లో గెలుపు తేడా 25 ఓట్లు. అలాంటి ఫలితాన్ని తలకిందులు చేయడానికి ఒక్క బూత్ చాలు. అందుకే అన్ని స్థానాలకూ ఒకే 5 కాక, మెజారిటీ తగ్గేకొద్దీ లెక్కించే బూత్‌లు పెరగాలి, 25 ఓట్ల తేడా అయితే అన్నీ లెక్కించాలి అంటాం.

అన్ని స్లిప్పులూ లెక్కిస్తే రోజులు పడుతుందట?

50 శాతం లెక్కిస్తే ఐదారు రోజులు ఆలస్యమని 2019లో సంఘం కోర్టుకు చెప్పింది. ఒక బూత్ స్లిప్పులకు సుమారు గంట పడుతుంది. అవి చిన్న థర్మల్ కాగితాలు, ఒకదానికొకటి అంటుకుంటాయి, రెండుసార్లు లెక్కపెట్టాలి. ఒకే బల్ల మీద వరసగా చేస్తే రోజులే. 14 బల్లల మీద పంచితే 270 బూత్‌లకు 20 గంటలు, లోక్‌సభ కూడా కలిస్తే 40. ఆలస్యమే, కానీ ఐదేళ్ల పదవికి రెండు రోజుల్లోపు సమయం మరీ ఎక్కువేం కాదు.

యంత్రం లెక్కకూ స్లిప్పుల లెక్కకూ తేడా వస్తే దేన్ని నమ్ముతారు?

స్లిప్పుల లెక్కనే. నిబంధనల్లోనే ఉంది.

రీకౌంటింగ్ ఎప్పుడు అడగాలి?

ఆర్వో అందరి ఓట్ల మొత్తాలు ప్రకటించాక, గెలిచినవారి పేరు ప్రకటించకముందు. ఆ మధ్యలోనే, కారణాలతో రాతపూర్వకంగా. స్లిప్పులు లెక్కించమని 56డీ నిబంధన కింద అడగాలన్నా అప్పుడే. తెల్ల కాగితం, పెన్ను, బూత్ నంబర్లు సిద్ధంగా లేకపోతే ఆ కొద్ది నిమిషాలు అరుపుల్లోనే గడిచిపోతాయి.

## ఫలితం తర్వాత

ఓడిన అభ్యర్థి యంత్రాన్ని పరీక్ష చేయించుకోవచ్చా?

ఫలితం వచ్చిన 7 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి, ఖర్చు తనే కట్టాలి. 2024లో ఒక సెట్‌కు రూ.40 వేలు, పైన 18 శాతం జీఎస్టీ. ట్యాంపరింగ్ రుజువైతే డబ్బు వెనక్కిస్తారు. మొదట్లో సంఘం చేసిన పరీక్ష మళ్లీ మాక్ పోల్ వేయించడమే. అడిగింది చిప్‌లో ఏముందో చూడమని. తనిఖీ పేరుతో డేటా చెరిపేయొద్దు, మళ్లీ లోడ్ చేయొద్దు అని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

యంత్రాల్ని మళ్లీ లెక్కిస్తే ఫలితం మారిన సందర్భం ఉందా?

ఉంది. హర్యానాలో పానిపట్ జిల్లాలోని ఒక గ్రామ సర్పంచ్ ఎన్నిక 2022 నవంబరులో జరిగింది. 2025లో సుప్రీంకోర్టు ఆ యంత్రాల్ని తన ఆవరణకే తెప్పించి లెక్కించింది. ఓడారన్నవారికి 1,051, గెలిచారన్నవారికి 1,000 వచ్చాయి. యంత్రం తప్పు చేయలేదు. 69వ బూత్‌లో ఒకరి అంకె ఇంకొకరి పేరు ఎదురుగా రాశారు. తప్పు జరిగింది కాగితం మీద.

కోర్టుకు వెళ్లడానికి ఎన్నాళ్ల గడువు? ఏం తీసుకెళ్లాలి?

ఫలితం ప్రకటించిన 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి, మనకైతే నేలపాడులో. బూత్‌ల వారీ ఓట్లు ఫారం 20లో ఉంటాయి. దాని పక్కన మీ 17సీలు పెట్టి ఏ బూత్‌లో ఎంత తేడా ఉందో చూపించండి. పోలింగ్ వీడియోలు కూడా 45 రోజులే ఉంచుతామని 2025 మేలో సంఘం చెప్పింది కాబట్టి, ఫుటేజీ కావాలంటే మొదటి వారంలోనే రాతపూర్వకంగా అడిగి, దరఖాస్తు అందినట్టు ముద్ర వేయించుకోండి.